పెరట్లో తవ్వుకున్న సముద్రం

అంతర్వేదిలో మంచినీళ్లు లోతున ఉండవు, పైనే ఉంటాయి. కెరటాల చప్పుడు వినిపించేంత దగ్గర్లో, ఇసుక మెరక మీద నాలుగైదు అడుగులు తవ్వితే చెలమ ఊరుతుంది. ఆ నీళ్లు తియ్యగా ఉంటాయి. అదే చోట బోరు వేసి లోతుకు దింపితే ఉప్పునీళ్లు పడతాయి. మెట్ట ప్రాంతాల్లో లోతుకు పోయేకొద్దీ నీటి మీద ఆశ పెరుగుతుంది, ఇక్కడ లోతుకు పోయేకొద్దీ ఆశ పోతుంది. వశిష్ఠ గోదావరి బంగాళాఖాతంలో కలిసే ఈ కొసన, సఖినేటిపల్లి మండలం చివరి ఊళ్లలో, చెట్టూ చేమా మనిషీ పశువూ ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి బతికాయి. ఆ సంగతిని పక్కన పెట్టి తవ్విన గుంతల కథ ఇది.

ఇసుక మెరకల మీద పడిన వాన ఎక్కడికీ పారిపోదు, అక్కడే ఇంకుతుంది. ఇంకిన వాన నీరు ఉప్పునీటి కన్నా తేలిక. అందుకే అడుగున పరుచుకుని ఉన్న సముద్రపు నీటిలో చప్పున కలిసిపోదు, పాల మీద మీగడలా దాని మీద తేలుతుంది. 19వ శతాబ్దం చివర హాలండ్‌కు చెందిన గైబెన్, ఆ తర్వాత జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్ ఎవరికి వారుగా దీని లెక్క తేల్చారు. తీపి నీటి మట్టం సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 అడుగుల దాకా తీపి నీరే ఉంటుంది. ఇదే లెక్కను తిరగేసి చూస్తే గుండె ఝల్లుమంటుంది. పైన ఒక్క అడుగు తీపి నీటిని పోగొట్టుకుంటే, కాలక్రమంలో అడుగు నుంచి ఉప్పు 40 అడుగులు పైకి ఎక్కుతుంది.

ఈ సూత్రం పేరు తీరంలోని పెద్దలకు తెలియదు. కానీ నుయ్యి మరీ లోతుకు తవ్వకూడదని, ఉన్న నీళ్లన్నీ ఒక్కసారే తోడెయ్యకూడదని, నుయ్యి దగ్గర ఉప్పు తడి చేరనివ్వకూడదని తెలుసు. అంతర్వేది స్థలపురాణంలోనూ ఇసుకకు అంటిన తడే కథకు ప్రాణం. రక్తవిలోచనుడనే రాక్షసుడి ఒంటి నుంచి కారిన నెత్తురు ఎన్ని ఇసుక రేణువులను తడిపితే అంతమంది రాక్షసులు పుట్టేలా అతనికి వరముంది. నరసింహస్వామి అశ్వారూఢాంబికను సృష్టించి, ఆ నెత్తురు నేలకు తగలకుండా ఆమె చేత నాలుక చాపించాకే వాణ్ని సంహరించగలిగాడని చెబుతారు. ఆ అమ్మవారిని ఇక్కడి జనం గుర్రాలక్క అని పిలుస్తారు. ఈ నేల మీద ఏ తడి పడుతోందో కనిపెట్టి చూడాలన్న జాగ్రత్త ఆ కథలోనే ఉంది.

*

ఒకప్పుడు ఇక్కడ ఏముండేదో చెప్పుకుంటే తప్ప ఏం పోయిందో తెలియదు.

కోనసీమ చుట్టూ నీళ్లే. ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, నడుమ చీల్చుకుంటూ వైనతేయ, కింద సముద్రం. వైనతేయకూ వశిష్ఠకూ మధ్య ఉన్న భూమిలో చిట్టచివరి ఊరు అంతర్వేది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయాన్ని కోపనాతి కృష్ణమ్మ కట్టించాడు. 1823లో అది పూర్తయింది. ఆ నాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా అక్విడక్టు కట్టి గోదావరి నీళ్లను ఇవతలి గడ్డకు తెచ్చారు. నది మీద నుంచి కాలువను దాటించిన ఆ కట్టడంతో రాజోలు వైపు ఊళ్ల రాత మారింది. పై నుంచి వాన, పక్క నుంచి కాలువ, రెండూ కలిసి ఉప్పును అడుగునే అణిచిపెట్టాయి.

ఆ రోజుల్లోనూ ఊళ్లలో గుంతలు తవ్వేవారు. ప్రతి ఊరికీ మంచినీళ్ల చెరువు ఉండేది. వేసవిలో కాలువలు కట్టేసే లోపు దాన్ని నింపుకునేవారు. గట్టు మీద చెప్పులు విప్పి దిగేవారు, పశువులను దింపనిచ్చేవారు కాదు. ఆ చెరువు అడుగు నుంచి ఇంకినది తీపి నీరే కాబట్టి, చుట్టుపక్కల నూతుల్లో నీరు ఇంకా తేరేది. తవ్వకం అప్పుడు నేలకు మేలు చేసింది.

ఇక కొబ్బరి. మొక్క నాటిన ఆరేడేళ్లకు కాపు మొదలై, 60, 70 ఏళ్ల పాటు ఇంటిని పోషించే చెట్టు అది. నెలన్నరకో రెండు నెలలకో ఒక దింపు. చెట్టెక్కే దింపు కార్మికుడు, రాశి దగ్గర కూర్చుని వలిచే వలుపు కార్మికుడు, పీచు తీసుకుపోయేవారు, కమ్మలు అల్లేవారు, ఈనెలు తీసి చీపుర్లు కట్టే ఆడవాళ్లు, బళ్ల మీద అంబాజీపేట మార్కెట్టుకు తోలేవారు. ఒక్క ఎకరం తోట మీద ఇంతమంది బతికేవారు. ఆడపిల్ల పెళ్లికి తోట పూచీ. పిల్లాడి చదువుకు తోట పూచీ. తోట అంటే మట్టిలో దాచుకున్న సొమ్ము అని నమ్మిన జనం వాళ్లు. వాళ్ల నమ్మకంలో తప్పేమీ లేదు. ఆ మట్టి కింద ఉన్న పలచని తీపి నీటి పొర నిలిచి ఉన్నంత కాలం అది నిజంగా సొమ్మే.

*

తొలి రొయ్యల గుంతలు 1990 దశకం మొదట్లో పడ్డాయి. టైగర్ రొయ్యకు జపాన్, అమెరికా మార్కెట్లలో పలికిన ధర ఆంధ్ర తీరాన్ని ఊపేసింది. పోటు నీళ్లు ఎక్కి ఏ పంటా సరిగా పండని పర్ర భూముల్లో తవ్వకం మొదలైంది. అక్కడి నుంచి పొలాల్లోకి, పొలాల నుంచి కొబ్బరి తోటల్లోకి, చివరికి ఇంటి పెరట్లోకి పొక్లెయిన్లు వచ్చాయి.

రొయ్యల చెరువు ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూస్తే ఈ కథలో మిగతాదంతా అర్థమవుతుంది. తోటలో చెట్లు కొట్టి, మోళ్లు పెకలించి, మూడు నాలుగు అడుగుల మట్టి తీసి నాలుగు వైపులా గట్లు పోస్తారు. సముద్రపు పాయ నుంచో ఉప్పు కాలువ నుంచో మోటారుతో నీళ్లు తోడతారు, దగ్గర్లో పాయ లేకపోతే బోరు వేస్తారు. తీపి నీటిని తప్పించుకుని ఉప్పునీరు పడేదాకా దింపుతారు. అంటే ఎన్నో తరాలు భయపడి దూరం పెట్టిన నీటిని వెతికి మరీ పైకి తెస్తారు. హేచరీ నుంచి సీడ్, అంటే రొయ్య పిల్లలను తెచ్చి వదులుతారు. ఇక రాత్రింబవళ్లు ఏరేటర్ల మోత. కరెంటు పోతే జనరేటరు. మేత వేసి, చెక్ ట్రే ఎత్తి చూసి, కిలోకు ఎన్ని రొయ్యలో కౌంట్ లెక్క కట్టుకుంటూ మూడు నాలుగు నెలలు గడుపుతారు. పట్టుబడి అయ్యాక చెరువు ఖాళీ చేస్తే అడుగున నల్లటి బురద. మిగిలిన మేత, రెట్ట, మందులు కలిసిన ఆ నీరు మళ్లీ ఊరి మురుగు కాలువలోకే పోతుంది. చెరువు నిండుగా ఉన్న అన్ని నెలలూ దాని అడుగు నుంచి ఉప్పు చుట్టూ ఉన్న ఇసుకలోకి ఇంకుతూనే ఉంటుంది. ఇసుకకు గట్టు అడ్డం కాదు.

మొదటి రెండు మూడు పంటలకు వచ్చిన డబ్బు చూసి ఊళ్లకు ఊళ్లు చెరువుల వైపు తిరిగాయి. అంతలో 1994లో తెల్లమచ్చ రోగం వచ్చింది. సాయంత్రం మేత తిన్న రొయ్య తెల్లారేసరికి గట్టు వార తేలింది. అప్పు చేసి తవ్వినవాళ్లు అప్పుతో మిగిలారు. తవ్విన గుంత పూడలేదు, కొట్టేసిన తోట తిరిగి రాలేదు.

*

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీదికి తుపాను వచ్చింది. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ గాలి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్లిన ఎన్నో పడవలు తిరిగి రాలేదు. లక్షల కొబ్బరి చెట్లు వేళ్లతో లేచిపోయాయి, నడిమికి విరిగాయి. ఒక్క రాత్రిలో నీడ లేని కోనసీమను చూసిన తరం ఇంకా బతికే ఉంది. తోట పడిపోయినవాడి ముందు రెండే దారులు మిగిలాయి. మళ్లీ మొక్క నాటి ఆరేడేళ్లు ఎదురుచూడాలి, లేదా చెరువుకు లీజుకివ్వాలి.

ఆ తుపాను వచ్చిన అయిదు వారాలకు, 1996 డిసెంబరు 11న, సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసు అది. జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సఘీర్ అహ్మద్ ధర్మాసనం తీరప్రాంత నియంత్రణ జోన్‌లో సంప్రదాయ పద్ధతుల్లో సాగేవి తప్ప మరే రొయ్యల చెరువూ ఉండరాదంది, ఉన్నవాటిని తొలగించమంది. సాగు భూములను, మడ అడవులను, ఊరి ఉమ్మడి భూములను చెరువులుగా మార్చకూడదంది. రొయ్యల వల్ల వచ్చే ఆదాయం కన్నా వాటివల్ల నేలకూ నీటికీ జరిగే నష్టమే ఎక్కువని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి ఇచ్చిన నివేదికను ఆ తీర్పు ఉటంకించింది.

ఇంత స్పష్టమైన మాట ఈ తీరానికి మరెప్పుడూ దొరకలేదు. ఆ మాట నిలబడి ఉంటే ఇవాళ ఈ గాథ రాసే పని ఉండేది కాదు. తీర్పు అమలు వాయిదాల మీద వాయిదాలు పడింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. పోటు రేఖ నుంచి 200 మీటర్ల లోపు మాత్రం వద్దని, ఆ అవతల రిజిస్ట్రేషన్‌తో సాగు చేసుకోవచ్చని ఆ చట్టం దారి తెరిచింది. దాని కింద వచ్చిన మార్గదర్శకాలు, తాగునీటి వనరులకు 100 మీటర్లు, పంట భూమికి నేలను బట్టి 50 నుంచి 100 మీటర్ల దూరం పాటించాలన్నాయి. కాగితం మీద ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కానీ కోనసీమలో తోటలు సన్నటి పట్టీలుగా ఉంటాయి. ఎన్నో కమతాల వెడల్పే 50 మీటర్లుండదు. ఆ దూరం నిజంగా పాటిస్తే ఈ గడ్డ మీద చాలా చెరువులకు చోటే లేదు. అయినా చెరువులు వచ్చాయి.

*

2009లో వనామీకి అనుమతి దొరికింది. పసిఫిక్ తీరానికి చెందిన ఈ రొయ్య తక్కువ ఉప్పులోనూ పెరుగుతుంది, కిక్కిరిసి వేసినా తట్టుకుంటుంది. దాంతో చెరువు సముద్రాన్ని వదిలి ఊరి లోపలికి నడిచింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వరి గిట్టుబాటు కాక, పూడిపోయిన మురుగు కాలువలతో చేలు మునిగి మునిగి విసిగిపోయి, పంట విరామం ప్రకటించారు. అన్నం పెట్టే నేలను బీడు పెట్టడమంటే రైతుకు ఎంత కడుపుకోతో దేశమంతా ఆ ఏడాది చూసింది. వరి వదిలిన చేతులకు చెరువు లీజు కాగితం అందింది. కొబ్బరికాయ ధర పడిపోయిన ప్రతి ఏడూ మరికొన్ని తోటలు నేలకొరిగాయి.

ఈ రైతును నిందించడానికి నాకు మనసు రాదు. పక్కవాడు తవ్వాడు, మా తోటలోకి ఉప్పెక్కింది, ఇక మేమూ తవ్వక తప్పలేదండి అన్న మాట ఈ తీరంలో ఏ ఊళ్లోనైనా వినిపిస్తుంది. మొదటి గుంత ఆశతో తవ్వింది కావచ్చు. రెండోదీ మూడోదీ గతిలేక తవ్వినవి.

చెట్టు చావును దగ్గర నుంచి చూడాలి. ఉప్పునీరు కొద్దిగా తగిలితే కొబ్బరి తట్టుకుంటుంది, కదిలే నీరైతే మరీను. వేళ్ల దగ్గర నిలిచిపోయిందంటే మాత్రం చెట్టుకు ఊపిరాడదు. ముందు పిందెలు రాలతాయి. తోటలోకి వెళ్తే కాలి కింద చిన్న చిన్న పిందెలు చితుకుతాయి. తర్వాత కింది కమ్మలు పండుబారి మాను మీదికి వాలతాయి. కొత్త కమ్మ వస్తుంది కానీ పొట్టిగా వస్తుంది. గెల వేస్తుంది కానీ కాయ చిన్నదవుతుంది. మాను పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. రైతు ఉప్పు తెలియక ఎరువు వేస్తాడు, తెగులేమోనని మందు కడతాడు. రెండు మూడేళ్లు అలా గడిచాక మొవ్వు ఎండి, ఒక గాలికి తల ఊడి పడుతుంది. ఆ తర్వాత మిగిలేది నిటారుగా నిలబడ్డ మోడు. తుపాను కూల్చిన చెట్టు ఒక్క రాత్రిలో చచ్చింది, ఇది మాత్రం ఏళ్లపాటు రైతు కళ్లెదుటే చచ్చింది.

నూతి సంగతి ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఇంటి ఆడవాళ్లకే ముందు తెలుస్తుంది. పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. కాఫీలో పాలు విరుగుతాయి. కొన్నాళ్లకు ఆ నుయ్యి గిన్నెలు తోముకోవడానికి, మరికొన్నాళ్లకు దేనికీ పనికిరాకుండా పోతుంది. మట్టి కుండతో తోడుకుని తాగిన ఇంట్లో ఇప్పుడు ఇరవై లీటర్ల టిన్ను గడపలో ఉంటుంది. చెరువు తవ్వినవాడి ఇంట్లోనూ అదే టిన్ను, తవ్వనివాడి ఇంట్లోనూ అదే టిన్ను. ఇసుక కింద నీటికి సరిహద్దు రాళ్లు లేవు.

*

ఇటు నేల లోపల ఇలా జరుగుతుంటే అటు సముద్రం ఊరుకోలేదు. గోదావరి ఎగువ నుంచి మోసుకొచ్చే ఒండ్రే ఈ డెల్టాకు పునాది. నది మీద ఎక్కడికక్కడ కట్టిన ఆనకట్టలు ఒండ్రును పైనే ఆపేశాయి. 1970 దశకంలో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు వచ్చిన ఒండ్రు 1990 దశకానికి 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని, 1976 నుంచి 2001 మధ్య గోదావరి డెల్టా అంచున సుమారు 18 చదరపు కిలోమీటర్ల భూమి నికరంగా సముద్రంలో కలిసిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్క కట్టారు. అంతర్వేది పల్లిపాలెం మత్స్యకారులకు ఈ అంకెలు చదవాల్సిన పని లేదు. పెద్ద పోటు వచ్చిన రోజు నీళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో వాళ్లు గోడల మీదే చూసుకుంటారు.

ముందు వైపు నుంచి సముద్రం వస్తోంది. వెనక వైపు నుంచి మురుగు కాలువల్లోనూ వస్తోంది. చేల నీటిని సముద్రంలోకి తీసుకుపోవాల్సిన డ్రెయిన్లే, అమావాస్యకూ పున్నమికీ పోటు నీటిని ఊళ్లలోకి మోసుకొస్తున్నాయి. మలికిపురం మండలం కేశనపల్లి చుట్టుపక్కల శంకరగుప్తం డ్రెయిన్ వెంట జరిగింది ఇదే. పోటు నీళ్లు తోటల్లో నిలిచి నిలిచి చెట్లు వరసలకు వరసలు మొండేలై నిలబడ్డాయి. 2025 నవంబరులో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ వచ్చి ఆ తోటలు చూశారు. దానికి నెల ముందు, అక్టోబరు 28 అర్ధరాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర, ఈ అంతర్వేది పరిసరాల్లోనే తీరం దాటింది. 1986, 2006, 2022 గోదావరి వరదలు చూసిన ఊళ్లవి. ఏటి నీళ్లు పై నుంచి, ఉప్పునీళ్లు కింది నుంచి వచ్చే గడ్డ మీద ముంపు అనేది వస్తుందా రాదా అన్న ప్రశ్నే లేదు. ఎప్పుడన్నదే ప్రశ్న.

రొయ్య కూడా ఎల్లకాలం ఆదుకోలేదు. సీడ్ నాణ్యత పడిపోతుంది, మేత ధర పెరుగుతుంది, కౌంట్ ధర కూలుతుంది. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచిన రోజున, ఎక్కడో వాషింగ్టన్‌లో తీసుకున్న నిర్ణయానికి గోదావరి జిల్లాల చెరువు గట్ల మీద రైతులు తలలు పట్టుకున్నారు. తోట ఉంటే ఒక ఏడాది ధర లేకపోయినా చెట్టు నిలబడి ఉండేది. చెరువుకు అలా నిలబడే గుణం లేదు. వదిలేసిన చెరువు ఉప్పు పేరుకున్న గుంతగా మిగులుతుంది, అందులో వరి మొలవదు, కొబ్బరి బతకదు.

*

ఇప్పుడు ఈ గాథలో కొత్త అధ్యాయం మొదలవుతోంది. అందుకే ఇదంతా చెప్పుకొచ్చాను.

సంక్రాంతికి కోనసీమ చూడాలని వచ్చేవారు ఏటేటా పెరుగుతున్నారు. దిండి వైపు రిసార్టులు వచ్చాయి. హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడి, పుట్టిన ఊళ్లో తాతల తోటలో ఒక ఇల్లు కట్టుకోవాలనుకునేవారున్నారు. ఆ ఇంటి వెనక, కొబ్బరి చెట్ల నడుమ, నీలం రంగు పలకలు పరిచిన ఒక స్విమ్మింగ్ పూల్ ఉండాలని కోరిక. సొంత ఊరి మీద ప్రేమ లేనివాడికి ఆ కోరిక పుట్టదు. కానీ ఆ ప్రేమతో తవ్వే గుంత కూడా ఈ నేలకు గుంతే.

పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు లోతు ఉన్న చిన్న పూల్‌నే తీసుకోండి. నింపడానికి 75 వేల లీటర్లు కావాలి. ఎండాకాలంలో రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరైనా 250 లీటర్లు తిరిగి పోయాలి. ఫిల్టరు కడిగినప్పుడల్లా మరికొంత. ఇదంతా లోతుకు దించని బోరు నుంచే రావాలి. అంటే మెరక కింద తేలుతున్న ఆ పలచని తీపి నీటి నుంచే. ఒకరింటి ఈతకు తోడిన నీరు పదిళ్ల తాగునీరు. ఫిల్టరు కడిగి వదిలిన క్లోరిన్ నీళ్లు తోట మొదట్లోకి పోతాయి.

ఇక ముంపు వచ్చినప్పుడు. భూగర్భజలం పైపైనే ఉన్న చోట పూల్‌ను ఖాళీగా ఉంచకూడదని ఇంజినీర్లు చెబుతారు. చుట్టూ నేలలో నీరు ఉబ్బినప్పుడు ఖాళీ తొట్టెను అది కింది నుంచి పైకి నెడుతుంది. మనం అనుకున్న కొలతల పూల్ అడుగు కన్నా ఒక మీటరు పైకి భూగర్భజలం చేరితే, దాని మీద పనిచేసే బలం 50 టన్నులు. కాంక్రీటు బరువు చాలకపోతే తొట్టె లేస్తుంది, అంచు పలకలు విరుగుతాయి, పైపులు తెగుతాయి, నేల పగులుతుంది. అంతర్వేది లాంటి చోట వానాకాలంలో నీటిమట్టం దాదాపు నేలను తాకుతుంది. తుపాను వస్తోందని నీళ్లు తోడేసినవాడి పూల్ లేచిపోయే ప్రమాదంలో పడుతుంది. తోడకుండా వదిలేసినవాడి పూల్‌లోకి ఉప్పునీరూ బురదా చేరతాయి. ఆ ఉప్పునీరు పగుళ్ల నుంచి మెల్లగా నేలలోకి దిగుతుంది. తుపాను వచ్చి వెళ్లిపోతుంది, దాని ఉప్పు మాత్రం పెరట్లో ఉండిపోతుంది.

చట్టం కూడా తీరంలో ఇలాంటి కట్టడాలను, నీటి తోడకాన్ని కట్టడి చేసింది. 1991 ఫిబ్రవరి 19న తొలిసారి వచ్చిన తీర నియంత్రణ నోటిఫికేషన్ పోటు రేఖ నుంచి 500 మీటర్ల వరకు కట్టడాలకు హద్దులు గీసింది. 2011 నోటిఫికేషన్ 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడడాన్ని నిషేధించింది. స్థానికులు నివసించే చోట వాళ్ల సొంత వాడకానికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. 200 నుంచి 500 మీటర్ల మధ్య తాగడానికి, సాగుకు మామూలు నూతుల్లోంచి చేత్తో తోడుకోవడాన్నే అనుమతించింది. ఈ హద్దులు దాటినవారికి ఏమవుతుందో కేరళ చూపించింది. అలప్పుళ జిల్లాలో వేంబనాడ్ సరస్సు నడుమ నెడియతురుత్తు దీవి మీద ఈత కొలనులతో సహా కట్టిన కాపికో రిసార్టుపై అక్కడి జాలర్లు తమ వలలకు చోటు పోయిందని న్యాయస్థానానికెక్కారు. 2020 జనవరిలో సుప్రీంకోర్టు కూల్చివేతను ఖరారు చేసింది. 2022 సెప్టెంబరులో కూల్చడం మొదలైంది. 54 విల్లాలు రాళ్లకుప్పలయ్యాయి. అక్కడ గెలిచింది ఆ నీటి మీద బతికే జాలర్లు.

*

కోనసీమను సముద్రం ముంచిందని, తుపాను ముంచిందని మనం చెప్పుకుంటూ వచ్చాం. సగమే నిజం. సముద్రం ఎప్పుడూ అక్కడే ఉంది. తుపాన్లు ఎప్పుడూ వచ్చాయి. 1996 తర్వాత కూడా మొక్కలు నాటితే తోటలు లేచాయి, ఎందుకంటే నేల కింద తీపి నీరు ఇంకా ఉంది. ఆ నీటిని పోగొట్టింది మన తవ్వకాలు. అనుమతి ఇచ్చినవారు, చూసీ చూడనట్టు ఊరుకున్నవారు, లీజుకు తీసుకుని మూడేళ్లకు వదిలేసి పోయినవారు, అప్పులో ఊపిరాడక తోట కొట్టిన రైతు, అందరి చేతులూ ఇందులో ఉన్నాయి. శిక్ష మాత్రం తోట ఉన్నవాడికీ, నుయ్యి ఉన్నవాడికీ పడింది.

పోయినదంతా తిరిగి రాదు. కానీ ఉప్పు ఎక్కిన ఇసుకను వానే కడుగుతుంది, గడువిస్తే. ఆ గడువు ఇవ్వడం మన చేతిలో ఉంది. డ్రెయిన్ల మొగల దగ్గర పోటు నీటిని ఆపే తలుపులు పని చేసేలా చూడాలి. తోటకూ చెరువుకూ మధ్య దూరం కాగితం మీద కాక నేల మీద ఉండాలి. తీరం వెంట సరుగుడు తోటలు, మడ అడవులు నిలబెట్టాలి. వదిలేసిన చెరువుల గట్లు తెంపి, పంచాయతీ మంచినీళ్ల చెరువుల పూడిక తీయాలి. వేసవి ముందు వాటిలోకి కాలువ నీరు వదలాలి.

ఊరికి తిరిగొచ్చి ఇల్లు కట్టుకోవాలనుకుంటున్న అన్నయ్యలకూ అక్కయ్యలకూ ఒక్క మాట. మీ తాతల తోటలో పూల్ తవ్వించకండి. ఈత కొట్టాలనిపిస్తే వశిష్ఠ ఉంది, కాలువ ఉంది, మనమందరం అక్కడే నేర్చుకున్నాం. ఆ డబ్బుతో పది సెంట్ల గుంత తీసి ఇంటి కప్పు మీద పడిన వాన నీటిని అందులోకి మళ్లించండి, దాని చుట్టూ నాలుగు కొబ్బరి మొక్కలు నాటండి. ఆ నీరు మీ నూతికీ, పక్కింటి నూతికీ కూడా చేరుతుంది.